ఆవులు నాకిన గోడ

శ్రీరంగం సుత్తి ఎత్తి గోడ మీద కొట్టాడు.

ఖంగ్.

గోడకు చెవి ఆనించి విన్నాడు. జానెడు కిందికి జరిగి మళ్లీ కొట్టాడు. ఖంగ్. ఇంకో జానెడు. ఖంగ్. చెవి మీది పెన్సిలు తీసి నోట్‌బుక్కులో 'ముందు గది, తూర్పు గోడ: సరి' అని రాసి, కింద తారీఖు వేసి సంతకం పెట్టాడు.

గుమ్మంలో నిలబడ్డ ఇంటి యజమాని ధర్మయ్య ఇక ఊరుకోలేకపోయాడు.

"ఇల్లు కొనేటోళ్లను శానామందిని చూసిన గానీ బావగారూ, గోడను డాక్టరు లెక్క చూసేటోళ్లను చూడలే. నాలుక చాపమని కూడా అంటరా ఏంది?"

"అవసరమైతే అంటానండి," అన్నాడు శ్రీరంగం నవ్వకుండా. రెండో గోడకు నడిచాడు.

ముప్పై నాలుగేళ్లు ఆయన చేసిన ఉద్యోగం అదే. బైలదిల్లా కొండ మీంచి ఇనుప రాయిని కిందికి మోసుకొచ్చే బెల్టు పొడవునా సుత్తితో నడవడం, ఒక్కో రోలరునూ కొట్టి చూడడం, ఏది ఇవాళ విరుగుతుందో ఏది వచ్చే నెల విరుగుతుందో ముందే రాసిపెట్టడం. ఆయన 'సరి' అని రాసింది విరగలేదు. 'లోపం' అని రాసింది, నమ్మనివాళ్ల కళ్ల ముందే విరిగింది. పోయిన నెలాఖరున రిటైరయ్యాడు. బచేలిలో కంపెనీ క్వార్టరు ఈ నవంబరు ముప్పయ్యికల్లా ఖాళీ చెయ్యాలి. ఇవాళ ఇరవై రెండు. సొంత ఇల్లు అన్నది ఆయన పుట్టాక ఎరగడు. ఈ ఊరు కొంటా, ఆయన భార్య మంగాదేవి పుట్టిన ఊరు. వాళ్ల దగ్గరున్న డబ్బుకు ఊరు మొత్తం గాలిస్తే దొరికిన ఇల్లు ఇదొక్కటే. ఇది తప్పితే, ముప్పయ్యిన లారీకి ఎక్కించిన సామాను ఎక్కడ దించాలో ఆయనకు తెలియదు.

అయినా సరే, కొట్టి చూడందే కొననన్నాడు.

ధర్మయ్య చెయ్యి పెద్దది. "నాలుగు రోజులు ఇంట్లనే ఉండి చూసుకోండి" అని తాళాలు ఇచ్చేశాడు. ఆయన కాపురం రోడ్డు మీద కట్టిన కొత్త బిల్డింగుకు మారిపోయింది. కింద కొట్టు, పైన ఇల్లు. చింతపండు, ఇప్పపువ్వు కొనడం, ఉప్పు అమ్మడం మూడు తరాల వ్యాపారం. ఉప్పు విషయంలో ఆయన్ను మించినవాడు సబరి నది ఒడ్డున లేడు. పొద్దున తాళాల కోసం కొట్టుకు వెళ్లినప్పుడు ఆ విద్య చూపించేదాకా మొగుడూ పెళ్లాలిద్దరినీ కదలనివ్వలేదు. కళ్లు మూసుకుని, రెండు పలుకులు నాలుక మీద వేసుకుని, మొహం పైకెత్తి, "నౌపాడ. కొత్త మాల్" అన్నాడు. ఇంకో బస్తాలోంచి రెండు పలుకులు. "చినగంజాం. పోయినేడుది." కొట్టులో కూలీలు చప్పట్లు కొట్టారు. రోజూ కొట్టేవాళ్ల చప్పట్లలాగే ఉన్నాయవి.

మధ్యాహ్నం లోపల శ్రీరంగం నిచ్చెనెక్కి పెంకులు చూశాడు. పగిలినవి ఏడు. దూలాలకు చెవి పెట్టి చెదల చప్పుడు కోసం విన్నాడు. లేదు. బావిలోకి అద్దంతో ఎండ మళ్లించి ఒరలు చూశాడు. జేబులోంచి గోలీ తీసి వంటింటి నేల మీద వదిలాడు. అది తీరిగ్గా దొర్లుకుంటూ వెళ్లి ధర్మయ్య కాలి బొటనవేలికి తగిలి ఆగింది.

"ఇదేంది, గోలీలాటనా?"

"నేల వాలండి. కడిగిన నీళ్లు తూము వైపు పోవాలి. మీ వైపు వచ్చాయి."

నేరం తనది కాదన్నట్టు ధర్మయ్య రెండడుగులు పక్కకు జరిగాడు.

సాయంత్రానికి మిగిలింది వెనక గది. పడమటి గోడకు తాజాగా నీలం సున్నం వేసి ఉంది. శ్రీరంగం సుత్తి వేశాడు.

బొద్.

ఇంకోసారి. బొద్. అరచెయ్యంత పెచ్చు ఊడి ఆయన చెప్పు మీద పడింది. లోపలి ఇటుక తడిగా ఉంది. గోటితో గీకితే పిండిలా రాలింది. వానలు పోయి నెల దాటింది.

"అదా!" ధర్మయ్య గొంతు తగ్గించలేదు, పెంచాడు. "అది హుంగాగాని పని బావగారూ. దొర్ల తెగోడు, మేస్త్రీ. పన్నెండేండ్ల కింద ఈ ఇల్లు కట్టింది వాడే. మూడు గోడలు మా నాయిన దగ్గరుండి కట్టించిండు, బాగొచ్చినయ్. నాలుగో గోడప్పుడు ఆయనకు జరమొచ్చి పండుకున్నడు. వీడు సిమెంటు తిన్నడు. ఆరేండ్ల సంది ఊరంత తెలుసు. ఎవ్వలూ వానికి తాపీ ఇయ్యరు. ఒక్క గోడేనాయె, ఇంటికంటూ లోపముంటే అదొక్కటే. రాసుకోండి."

శ్రీరంగం పెన్సిలు ఎత్తాడు. ఇంకో నాలుగు చోట్ల కొట్టి చూసేవాడే. అంతలో పెరట్లోంచి మంగాదేవి కేక వేసింది.

"ఏమండీ! తొందరగా రండి! ఏంది ఈ చిత్రం!"

ఆయన గబగబా 'వెనక గది, పడమటి గోడ: మేస్త్రీ లోపం' అని గీకి, సంతకం పెట్టి, పరుగెత్తాడు.

మేత నుంచి తిరిగొస్తున్న ఆవులు పడమటి గోడకు బయట వైపు వరసగా నిలబడి ఉన్నాయి. ఏడు. కళ్లు అరమోడ్చి, మెడలు చాపి, గోడను నాకుతున్నాయి. గరగరమని చప్పుడు. ధర్మయ్య తల్లి వరమ్మ, డెబ్బై ఐదేళ్ల మనిషి, పసుపు కుంకుమల పళ్లెంతో వాటి వెనకే తిరుగుతూ ఒక్కోదాని తోక దగ్గర బొట్టు పెడుతోంది.

"ఆరేండ్ల సంది పొద్దుమాపూ ఇట్లనే మంగా," అంది వరమ్మ. "పిలవకుంట వస్తయి. లక్ష్మి ఉన్న గోడను ముద్దు పెట్టుకుంటయి. కొత్త ఇంటికి పోతుంటే నాకు ఈ ఒక్క గోడ కోసమే కండ్ల నీళ్లొచ్చినయి."

"కొంటా మొత్తంల ఇంకో ఇంటికి ఇట్లొస్తయా? చెప్పక్కా, నువ్వు ఈ ఊరి ఆడబిడ్డవే గద!" అన్నాడు ధర్మయ్య.

మంగాదేవి కళ్లు చెమ్మగిల్లాయి. "ఏమండీ, మీ సుత్తి ఇంక సంచిలో పెట్టండి. దీనికి మించిన సర్టిఫికెట్టు ఏముంటుంది?"

ధర్మయ్య ఈలోగా నోట్‌బుక్కులోకి తొంగి చూశాడు. "మేస్త్రీ లోపం! ఇదీ కాగితమంటే. సంతకం కూడా ఉంది." ఆయన మొహం ఉప్పు పలుకులు వేసుకున్నప్పటిలా వెలిగింది.

*

మర్నాడు పొద్దున పగిలిన ఏడు పెంకులకు మారు పెంకుల కోసం శ్రీరంగం బస్టాండు వైపు నడిచాడు. అక్కడ కొత్తగా నాలుగు దుకాణాలు కడుతున్నారు. ఒక గోడ నడుమెత్తు లేచింది. దాని పక్కన నలభై ఏళ్ల మనిషి, సన్నగా, నల్లగా, గోడ నిలువు చూసే తూకం గుండు దారాన్ని రెండు వేళ్ల మధ్య వదిలి, గుండు ఊగడం ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. గుండు ఆగింది. ఆ మనిషి తల ఊపి తాపీ అందుకున్నాడు. ఇటుక మీద సిమెంటు మాలు వేశాడు. ఒక్క చుక్క కింద పడలేదు.

శ్రీరంగం నిలబడిపోయాడు. పని తెలిసినవాడి చెయ్యి కనబడితే ఆయన కాళ్లు వాటంతట అవే ఆగుతాయి.

అప్పుడే ముంషీ వచ్చాడు. జగదల్‌పూర్ కాంట్రాక్టరు పని చూడ్డానికి పెట్టిన మనిషి, మెడలో మఫ్లరు, చేతిలో టీ గ్లాసు.

"ఏయ్ హుంగా. తాపీ ఇటియ్యి."

హుంగా తలెత్తాడు.

"ఇయ్యిరా. పొద్దుగాల్నే మాట వచ్చింది. ఇంజనీరు సాబ్ రాసిచ్చిండంట, సైన్ చేసి. నీ గోడ ఖరాబ్ అని. ఇన్ని రోజులు ఊరోళ్లు అన్నరు, నేను నమ్మలే. ఇప్పుడు కాగజ్ ఉంది. ఇంకో మేస్త్రీని పెట్టినం. పో, ఇటుకలు మొయ్యి."

హుంగా తాపీని నీళ్ల డొక్కులో ముంచి, బొటనవేలితో మాలు తుడిచి, శుభ్రం చేసి ఇచ్చాడు. తూకం గుండు మాత్రం ఇవ్వలేదు. దారాన్ని గుండు చుట్టూ చుట్టి నడుం దగ్గర పంచెలో దోపుకున్నాడు. తట్ట నెత్తిన పెట్టుకుని ఇటుకల కుప్ప వైపు నడిచాడు.

ముంషీ శ్రీరంగాన్ని చూసి గ్లాసు దించాడు. "బచేలీవాలే సాబ్ మీరేనా? నమస్తే జీ! మీ రిపోర్టు బాగా కామ్‌కొచ్చింది!"

శ్రీరంగానికి పెంకులు ఎందుకు కావాలో గుర్తు రాలేదు.

ఇంటికి వచ్చి నోట్‌బుక్కు తీసి ఆ వాక్యం చూశాడు. మేస్త్రీ లోపం. కింద తన సంతకం. ముప్పై నాలుగేళ్లలో ఒక్క రోలరును కూడా పక్కవాడి మాట మీద రాయలేదు. రిటైరైన ఇరవై రెండో రోజున గోడను రాశాడు.

"మంగా, ఎల్లుండి కాగితం రాసుకోవద్దు. ఆ గోడ మళ్లీ చూడాలి."

"ముప్పయ్యి ఎన్ని రోజులుందో లెక్కేసుకున్నారా?"

"వేసుకున్నాను."

"మరి?"

"అందుకే రేపు తెల్లారగట్లే చూస్తాను."

*

ఇరవై నాలుగు తెల్లవారుజామున సబరి మీంచి మంచు లేస్తుండగా శ్రీరంగం పెరట్లో ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. దుప్పటి కప్పుకున్నాడు. చేతిలో నోట్‌బుక్కు. ఆవులు వచ్చాయి. ముందు నడిచేది ఒంటికొమ్ముది. తిన్నగా పడమటి గోడకే వచ్చింది.

మొదటి గమనిక: ఉత్తరం గోడ దారిలోనే ఉంది. అటు ఒక్క ఆవూ చూడలేదు. రెండు గోడలూ ఒకే ఇంటివి. లక్ష్మి ఒకే గోడలో ఎందుకుంటుంది?

రెండో గమనిక: గోడ నాకి నాకి తిరగలి రాయిలా పల్లం పడింది. కొన్ని చోట్ల సగం ఇటుక లేదు.

మూడోది చూసి ఆయన పీట మీంచి లేచాడు. గోడ మీద తెల్లటి పొర ఉంది, నేల నుంచి తన ఛాతీ ఎత్తు వరకు. అక్కడ టక్కున ఆగిపోయింది, రూళ్లకర్ర పెట్టి గీసినట్టు. ఆ పైన గోడ గట్టిగా, పొడిగా ఉంది. కొట్టి చూశాడు. ఖంగ్. మేస్త్రీ సిమెంటు తింటే పైదాకా తింటాడు. ఛాతీ దగ్గర ఆగడు. లక్ష్మి మహిమైనా అంతే.

లోపలికి వెళ్లి వెనక గదిలో మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేశాడు. కొత్త సున్నం గోడ మీదే కానీ నేల మీద లేదు. గోడ పొడవునా, గోడకు ఆనుకుని, గోనె బస్తాల గుర్తులు. వరసలు పేర్చి ఉంటే ఎంత ఎత్తు వస్తుంది? సరిగ్గా ఛాతీ దాకా.

ఇంక మిగిలింది ఒక్క పరీక్ష. గనిలో పాత జియాలజిస్టు దొర ఒకాయన ఏ రాయి కనబడినా ముందు నాలుకకు తగిలించేవాడు. 'లేబొరేటరీ సాయంత్రం చెబుతుంది, ఇది ఇప్పుడే చెబుతుంది' అనేవాడు. శ్రీరంగం బయటికి వచ్చాడు. చుట్టూ చూశాడు. ఆవులు తప్ప ఎవరూ లేరు. ఒంటికొమ్ము ఆవును కొంచెం పక్కకు నెట్టి, అద్దాలు నుదుటి మీదికి తోసుకుని, నాలుక చాపి గోడను నాకాడు.

వెనక పళ్లెం కింద పడిన చప్పుడు.

"అయ్యో, అల్లుడుగారూ!" వరమ్మ రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది. "మీరు కూడానా!"

మంగాదేవి గుమ్మంలోంచి చూసింది. ఏడు ఆవులు, ఒక మొగుడు, ఒకే వరసలో.  

గంటలో ఊరంతా తెలిసింది. టీ కొట్టు దగ్గర ఆయన నడిచి వెళుతుంటే ఎవరో 'అంబా' అన్నారు. శ్రీరంగం పట్టించుకోలేదు. ఇటుకల కుప్ప దగ్గర తట్ట దించి కూర్చున్న హుంగా ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"ఆ గోడలో ఉన్నది ఉప్పు."

హుంగా చెవి మీంచి బీడీ తీసి చూసి, మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు. "ఎరుకే."

"ఎరుకా? మరి చెప్పలేదేం?"

"చెప్పిన సారూ. పెద్ద సావుకారి ఉన్నప్పుడు బస్తాలు గోడకు మూరెడు దూరం ఉండె. కింద చెక్కలు ఉండె. ఆయన పొయినంక చిన్న సావుకారి గోడకు ఆనించిండు. ఇంకో వరస పడతదని. గోడ తిన్నది ఉప్పు. సిమెంటు తిన్నది నేననిరి. నేను చెప్పిన, ఉప్పు అని. ఆవులు చెప్పినయ్, ఉప్పు అని." హుంగా తట్ట ఎత్తుకున్నాడు. "ఆవులకు దండం పెట్టిండ్రు. నాకు పెట్టలే."

"నేనూ..." శ్రీరంగం ఆగాడు. "ఆ కాగితం రాసింది నేనే."

"అది కూడ ఎరుకే," అన్నాడు హుంగా. మెత్తగానే అన్నాడు. తట్ట నెత్తి మీద సర్దుకుని వెళ్లిపోయాడు. ముప్పై నాలుగేళ్లలో ఏ ఆఫీసరూ శ్రీరంగాన్ని అంత గట్టిగా తిట్టలేదు.

*

"మెల్లగా చెప్పండి. పక్కకు పిలిచి చెప్పండి," అంది మంగాదేవి. "ధర్మయ్యకు కోపమొస్తే ఇల్లు పోతుంది. ఇల్లు పోతే ముప్పయ్యిన నా బీరువా నడిరోడ్డు మీద నిలబడుతుంది."

"అతని పరువు పక్కకు పిలిచి తీశారా? నడిబజారులో తీశారు. నా సంతకంతో తీశారు."

"అయితే నా బీరువాకు గొడుగు కొనండి."

ఇరవై అయిదు సంత రోజు. ధర్మయ్య కొట్టు ముందు మనుషులు. చింతపండు గంపలు, కోళ్లు, కల్లు కుండలు, అడవి పల్లెల నుంచి ఉప్పు కోసం వచ్చిన ఆడవాళ్లు. ముంషీ కూడా మఫ్లరుతో వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. శ్రీరంగం జనంలోంచి దారి చేసుకుని వచ్చి జేబులోంచి పొట్లం తీశాడు. కాగితంలో తెల్లటి పొడి.

"ధర్మయ్యగారూ, ఒక చిన్న సాయం. ఇది ఏ ఊరి ఉప్పో చెబుతారా? నాకు తెలిసినవాళ్లు ఎవరూ చెప్పలేకపోతున్నారు."

ఆ చివరి మాట చాలు. ధర్మయ్య తక్కెడ వదిలేశాడు. చేతులు తుడుచుకున్నాడు. చుట్టూ చూసి, జనం చూస్తున్నారని నిర్ధారించుకుని, చిటికెడు పొడి నాలుక మీద వేసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. మొహం పైకెత్తాడు. కొట్టు మొత్తం నిశ్శబ్దమైంది. ఒక కోడి కూడా ఆగింది.

"కొంచెం మట్టి కలిసింది," అన్నాడు ధర్మయ్య కళ్లు తెరవకుండా. "సున్నం కూడ ఉన్నట్టుంది. ఎవడో కల్తీగాడు. గానీ అసలు మాల్ దాగుతదా? చినగంజాం! పాతది. నాలుగైదేండ్లది. ఈ చేదు ఒక్క చినగంజాంకే ఉంటది. ఆ ఏళ్లల్ల ఈ లైనుల చినగంజాం తెప్పించింది నేనొక్కడినే." కళ్లు తెరిచాడు. విజయం మొహం నిండా ఉంది. "నా మాలే ఇది! గ్యారంటీ! యాడ దొరికింది బావగారూ?"

"మీ పడమటి గోడలోంచి గీకానండి."

ధర్మయ్య నోరు తెరిచే ఉంది. మూసుకోలేదు.

కూలీల్లో ఒకడు అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టాడు.

శ్రీరంగం నోట్‌బుక్కు తీశాడు. 'మేస్త్రీ లోపం' అన్న మాటను అందరికీ కనబడేలా అడ్డంగా కొట్టేసి, పైన రాస్తూ పెద్దగా చదివాడు. "పడమటి గోడ. లోపం: ఉప్పు బస్తాలు గోడకు ఆనించి పేర్చడం. మేస్త్రీ పని: సరి. రుచి చూసి నిర్ధారించినవారు: ధర్మయ్యగారు." ముంషీ వైపు తిరిగాడు. "ఇదీ రిపోర్టు. మొన్నటిది నేను పరీక్షించకుండా రాసింది. తప్పు నాది."

ధర్మయ్య మొహం ఎర్రబడింది. గల్లాపెట్టె మూత దభాలున మూశాడు.

"ఇల్లు అమ్మను! నా ఇల్లు నా ఇష్టం. తాళాలు పెట్టి పోండి!"

శ్రీరంగం తాళాల గుత్తి తక్కెడ పళ్లెంలో పెట్టాడు. పళ్లెం కిందికి దిగింది. "సామాను సర్దుకోవడానికి రేపు పొద్దున దాకా తెరిచి ఉంచుతాను," అని వచ్చేశాడు.

ఆ సాయంత్రం మంగాదేవి తిట్టలేదు. పెట్టెలో చీరలు మడత పెడుతూ ఒక్క మాట అంది. "బచేలిలో ముప్పై నాలుగేళ్లు కొళాయి కారితే కంప్లయింటు రాశాం. ఇప్పుడు ఎవరికి రాయాలో చెప్పండి."

ఆయన పెన్సిలు చెవి మీద పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

*

పొద్దున ఆవులతో పాటు వరమ్మ వచ్చింది. ఈసారి పళ్లెం తేలేదు. ఆవులను దాటి తిన్నగా గోడ దగ్గరికి వెళ్లి, వేలితో గీకి, నోట్లో పెట్టుకుంది. ఉప్పు సావుకారి కోడలు, ఇంకో ఉప్పు సావుకారికి తల్లి. కళ్లు మూసుకోవలసిన అవసరం కూడా రాలేదు.

"ఒరే ధర్మయ్యా! ఇటు రా!"

ధర్మయ్య సందు మలుపులో నిలబడి ఉన్నాడని అప్పుడు తెలిసింది. తల వంచుకుని వచ్చాడు.

"మీ నాయిన ఏం చెప్పిండురా? గోడకు మూరెడు దూరం, కింద చెక్క. చెప్పిండా లేదా?"

"చెప్పిండు."

"ఆరేండ్లు నాతోని ఉప్పు గోడకు పూజ చేయించినవు. ఆవు తోకకు బొట్టు పెట్టి పెట్టి నా నడుం పోయింది." ఆమె చేయి సాచింది. "తాళాలు."

ధర్మయ్య జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె వాటిని మంగాదేవి చేతిలో పెట్టింది. ధర్మయ్య శ్రీరంగం వైపు తిరిగి, దగ్గి, బుర్ర గోక్కున్నాడు.

"రాత్రి సంది ఊర్ల ఎవడు కనబడినా పొట్లం ఇచ్చి 'ఇదేం ఉప్పు' అంటున్నరు బావగారూ. ఆ గోడ ఇక వేరేటోళ్లకు అమ్మలేను. ఎంతో కొంత తగ్గిస్త, తీసుకోండి."

"తగ్గించొద్దండి. గోడ కట్టించి ఇవ్వండి. హుంగాతో. కూలీ రేటుకు కాదు, మేస్త్రీ రేటుకు. పిలవడానికి మీరే వెళ్లాలి. ముంషీ ఉన్నప్పుడు."

ధర్మయ్య పంచె సర్దుకుని బస్టాండు వైపు నడిచాడు. మంగాదేవి తాళాలు కొంగున ముడి వేసుకుంది. ముడి రెండుసార్లు వేసింది.

అరగంటకు ధర్మయ్య ఒక్కడే తిరిగొచ్చాడు. మొహం వింతగా ఉంది.

"దండం పెట్టి మరీ పిలిచిన. ముంషీ చూసిండు. ముంషీ కూడ వానికి తాపీ ఇచ్చిండు."

"మరి?"

"కడతడంట. గానీ ముందు మిమ్మల్ని చూస్తడంట."

"నన్నా? నన్నెందుకు?"

"ఏమో. 'గోడ ఎట్లుంటదో నా చేతిల ఉంది, ఇంట్ల ఎవరుంటరో నా చేతిల లేదు' అన్నడు. చూసినంకనే ఇటుక పెడతడంట."

హుంగా వచ్చాడు. ఇంట్లోకి రాలేదు. గుమ్మం బయటే నిలబడి శ్రీరంగాన్ని ప్రశ్నలడిగాడు. ఏం యాపారం చేస్తరు? చెయ్యను. ఉప్పు పెడతరా? పెట్టను. ఎరువు బస్తాలు? లేవు. గోడకు మేకులు కొడతరా? శ్రీరంగం భార్య వైపు చూశాడు. "రెండు," అంది మంగాదేవి. "ఒకటి," అన్నాడు హుంగా. "సరే, ఒకటి," అంది ఆమె. ముప్పై అయిదేళ్ల కాపురంలో ఆమె బేరం అంత తొందరగా తెగడం శ్రీరంగం చూడలేదు.

గుంజలు పోటు పెట్టి పైకప్పు నిలబెట్టి, హుంగా మూడు రోజుల్లో పాత గోడ దించి కొత్తది లేపాడు. ఒక్కో వరసకు తూకం గుండు వదిలి, ఊపిరి బిగబట్టాడు. ఆ మూడు రోజులూ శ్రీరంగం సుత్తి సంచిలోనే ఉంది. ఉప్పు తిన్న పాత ఇటుకలను, పారేస్తే దండగని, ధర్మయ్య ఎడ్లబండి మీద కొత్త బిల్డింగు వెనక్కి తరలించాడు.

ముప్పయ్యో తారీఖు సాయంత్రం లారీ వచ్చింది. హుంగా గుమ్మం దగ్గర నిలబడి దిగుతున్న సామాను ఒక్కొక్కటీ చూశాడు. బీరువా, సరి. మంచాలు, సరి. డబ్బాల మూతలు తీసి వాసన చూశాడు. గుడ్డ కట్టిన జాడీలు దిగాయి. ఒకటి, రెండు, మూడు... పదకొండు. హుంగా ఒకదాని గుడ్డ విప్పి వేలు ముంచి నాకాడు.

"ఉప్పు."

"ఆవకాయయ్యా అది!" అంది మంగాదేవి. "ఉప్పు లేకుండా ఆవకాయ ఎట్లా?"

"ఉప్పు," అన్నాడు హుంగా మళ్లీ. శ్రీరంగం వైపు తిరిగాడు. "సారూ, పుస్తకం తియ్యండి. రాయండి. ఊరగాయ జాడీలు పదకొండు. లోపం."

శ్రీరంగం రాశాడు. జాడీలు వెనక గది నడిమధ్యకు వెళ్లాయి. హుంగా చెయ్యి సాచి గోడ నుంచి మూరెడు కొలిచాడు. ఇంకో మూరెడు జరిపించాడు. గోడ పొడవునా ఒకసారి నడిచి వచ్చి, "ఇప్పుడు సరి" అన్నాడు. శ్రీరంగం అదీ రాసి, తారీఖు వేసి, తన సంతకం పెట్టకుండా పుస్తకం హుంగా ముందు పెట్టాడు. హుంగా ఆ ఖాళీ చోటును చూశాడు. బొటనవేలికి ఇంకా తడి మాలు ఉంది. దాన్నే అక్కడ ఒత్తాడు.

బయట మువ్వల చప్పుడు. మంగాదేవి పెరట్లోకి పరుగెత్తింది. ఒంటికొమ్ము ఆవు కొత్త గోడ దగ్గర ఆగింది. ఒక్కసారి నాకింది. తల తిప్పి, మోసపోయినదాని చూపు ఒకటి మంగాదేవి మీద పడేసి, రోడ్డు వైపు నడక మొదలుపెట్టింది. మిగిలిన ఆరూ దాని వెనక.

"పోయాయండీ," అంది మంగాదేవి. గొంతు కాస్త తగ్గింది.

కాసేపటికి రోడ్డు మీంచి ధర్మయ్య గొంతు వినబడింది. కొట్టు వెనక ఎవరినో పిలిచి చూపిస్తున్నాడు. "చూసిండ్రా! పిలిచిన్నా? పిలవలే! నా ఇటుకల వెంబడే వచ్చినయ్! ఏడుకు ఏడు!"

హుంగా తాపీ కడుక్కుంటున్నవాడల్లా ఆగాడు.

"సారూ. ఆ ఇటుకలు యాడ పేర్చిండు?"

శ్రీరంగం అప్పటికే సంచిలోంచి సుత్తి తీస్తున్నాడు.

"గోడకు ఆనించే," అన్నాడు.